వాఙ్ముఖం: మాటను మొదలుపెట్టే మాటలు

వెనుకటి పాఠాలలో మీరు వాక్య నిర్మాణాన్ని, వాక్య భేదాలను చదువుకున్నారు. వాక్యంలో కర్త, కర్మ, క్రియ ఉంటాయని, విశేషణాలు వాటిని వర్ణిస్తాయని తెలుసుకున్నారు. ఇప్పుడు మీ ఇంట్లో పది నిమిషాల సేపు జరిగే మాటలను జాగ్రత్తగా వినండి. "ఇదిగో", "ఏమండీ", "అన్నట్టు", "అది సరే గానీ", "మరి", "చూడూ" వంటి మాటలు అడుగడుగునా వినిపిస్తాయి. ఇవి కర్త కాదు, కర్మ కాదు, క్రియ పనీ చేయవు. తీసేసినా వాక్యం వ్యాకరణ రీత్యా నిలుస్తుంది. అయినా ఇవి లేకుండా ఎవరూ మాట్లాడరు. ఈ మాటల పని ఏమిటో, వాటిని ఏ పేరుతో పిలవవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పదం, దాని అర్థం

సంస్కృత నిఘంటువు అమరకోశంలో శబ్దాదివర్గం ఉంది. మాటకు సంబంధించిన పేర్లు అందులో చాలా ఉన్నాయి. అక్కడ "ఉపన్యాసం", "వాఙ్ముఖం" అనే రెండు పదాలను అమరసింహుడు పర్యాయపదాలుగా ఇచ్చాడు. రెండింటికీ అర్థం మాటను ఆరంభించడం, ప్రసంగం ఎత్తుకోవడం.

వాఙ్ముఖం అనే పదాన్ని విడదీస్తే వాక్ + ముఖం. అనునాసిక సంధి. "వాఙ్మయం" ఎలా ఏర్పడిందో ఇదీ అలాగే ఏర్పడింది. మకారం పరమైనప్పుడు కకారం స్థానంలో ఙకారం వచ్చింది. ముఖం అంటే ఇక్కడ మొహం కాదు, మొదలు. ముఖద్వారం, ముఖమంటపం, ముఖపత్రం అనే మాటల్లో ఉన్న ముఖమే ఇది. నాటకంలోని పంచ సంధులలో మొదటిదానికి ముఖసంధి అనే పేరు కూడా అందుకే వచ్చింది. ఇంటికి ముఖద్వారం ఎలాంటిదో మాటకు వాఙ్ముఖం అలాంటిదని గుర్తుంచుకుంటే చాలు.

దీనికి జంటగా ఉన్న "ఉపన్యాసం" చరిత్ర మరీ విచిత్రమైనది. అమరకోశంలో మాటకు ఆరంభం మాత్రమే అయిన ఈ పదం తెలుగులో గంటసేపు సాగే ప్రసంగం మొత్తానికీ పేరైంది. కన్నడంలోనూ అంతే. హిందీలో, బెంగాలీలో అదే పదానికి నవల అని అర్థం. హిందీ మిత్రుడు "ఉపన్యాస్ చదువుతున్నాను" అంటే ఏదో సభలో కాగితం చూసి ప్రసంగిస్తున్నాడని అనుకోకండి. పదం అలా చెదిరిపోయింది కనుక, ఆరంభం అనే అర్థానికి మనకు మిగిలింది వాఙ్ముఖమే. వాడుకలో అరుదైన పదం కావడం ఒక రకంగా మేలు. పారిభాషిక పదంగా తీసుకుంటే వేరే అర్థాలు అడ్డురావు.

ఒక విషయం స్పష్టంగా గుర్తుంచుకోవాలి. "ఏమండీ", "అన్నట్టు" వంటి వాడుక మాటలను దృష్టిలో పెట్టుకొని అమరసింహుడు ఈ పదం చెప్పలేదు. వాటికి కూడా దీన్ని వర్తింపజేయడం ఈ పాఠంలో మనం చేస్తున్న విస్తరణ. పరీక్షలో రాసేటప్పుడు ఈ తేడాను విడిగా చూపండి. అలాగే పీఠిక, ప్రస్తావన, ఉపోద్ఘాతం వేరు, వాఙ్ముఖం వేరు. అవి కొన్ని వాక్యాలో, పుటలో ఉండే రచనా భాగాలు. వాఙ్ముఖం సాధారణంగా ఒక పదమో, రెండు మూడు పదాల పదబంధమో.

లిఖిత సంప్రదాయంలో

రాతలోనూ మొదటి పదానికి మనవాళ్ళు ఎప్పుడూ ప్రత్యేక స్థానం ఇచ్చారు. బ్రహ్మసూత్రాలు, యోగసూత్రాలు "అథ" అనే మాటతో మొదలవుతాయి. నన్నయ మహాభారతం "శ్రీ"కారంతో మొదలవుతుంది. ఏ పనినైనా ఆరంభించడాన్ని "శ్రీకారం చుట్టడం" అని ఇప్పటికీ అంటున్నాం. పెద్దవాళ్ళు రాసిన పాత ఉత్తరాలు మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి. "ఉభయకుశలోపరి" అని మొదలైన ఉత్తరం ఒకటైనా దొరకవచ్చు. ఇరువైపుల క్షేమాన్ని చెప్పుకున్న మీదట అని దాని అర్థం. క్షేమ సమాచారాల తంతు పూర్తయింది, ఇక అసలు విషయానికి వస్తున్నాను అని ఒక్క పదంతో చెప్పడం అది. పిల్లలకు చెప్పే కథల్లోని "అనగనగా" అనే మాట "అను" ధాతువు నుంచి పుట్టింది. అనగా అనగా, అంటే చెప్పుకోగా చెప్పుకోగా. ఆ మాట వినగానే, ఇక రాబోయేది నిజమా అని అడగకూడదని పిల్లలకు కూడా తెలిసిపోతుంది.

సభల్లో "అధ్యక్షులవారికి, వేదికనలంకరించిన పెద్దలకు" అంటూ మొదలయ్యే వరుస కూడా వాఙ్ముఖమే. ఆ వరుస పూర్తయ్యేలోగా ముందు వరుసలో వారి టీ చల్లారిపోతుంది. కానీ దానిలో ఒక పేరు వదిలేసి చూడండి, లేదా ముందు చెప్పవలసిన పేరు వెనుక చెప్పి చూడండి. ఆ తరువాత చెప్పిన విషయం ఎవరికీ గుర్తుండదు, వదిలేసిన పేరే గుర్తుంటుంది.

పలకరింపు చేసే పని

పోలండులో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు మలినోవ్‌స్కీ పసిఫిక్ మహాసముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవులలో కొంతకాలం ఉండి అక్కడి ప్రజల జీవితాన్ని పరిశీలించాడు. 1923లో ప్రచురించిన ఒక వ్యాసంలో, మనుషులు మాట్లాడే మాటలన్నీ సమాచారం కోసం కావని, కొన్ని మాటలు కేవలం మనిషికీ మనిషికీ మధ్య బంధం ఏర్పరచడానికే ఉన్నాయని చెప్పాడు. ఈ రకమైన మాటలకు "ఫాటిక్ కమ్యూనియన్" అని పేరు పెట్టాడు. తెలుగులో దీన్ని పలకరింపు బంధం అనుకోవచ్చు. 1960లో రోమన్ యాకబ్‌సన్ భాష చేసే ఆరు పనులను వివరిస్తూ వాటిలో ఫాటిక్ వ్యవహారాన్ని ఒకటిగా చేర్చాడు. మాట వెళ్ళే దారి తెరిచి ఉందా లేదా అని చూసుకోవడం దాని పని. పసిపిల్లలు మొట్టమొదట నేర్చేది ఈ పనినే అని ఆయన అన్నాడు. సమాచారం ఇవ్వడం రాకముందే పిల్లలు పలకడం నేర్చుకుంటారన్న మాట.

తెలుగు పలకరింపులను ఈ దృష్టితో చూడండి. "తిన్నారా?" అని అడిగినవారు భోజనానికి పిలవడం లేదు. "అయింది, మీదైందా?" అంటే సరిపోతుంది. ఏమేం కూరలు తిన్నామో చెప్పడం మొదలుపెడితే అడిగినవారు ఇబ్బంది పడతారు. బయటికి వెళ్తున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగడం మంచిది కాదని మన పెద్దలు అంటారు. అందుకే "దూరమా?" అని అడుగుతారు. సమాధానం "ఇట్లా వెళ్ళొస్తా". అడిగినవారికి ఎక్కడికో తెలియలేదు, చెప్పినవారు చెప్పనూ లేదు. ఇద్దరికీ తృప్తే. సమాచారం సున్నా అయినా సంభాషణ పూర్తయింది. మలినోవ్‌స్కీ చెప్పినదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

పిలుపు, గౌరవం

వాఙ్ముఖాలలో మొదటి రకం ఎదుటి మనిషిని మనవైపు తిప్పుకొనే పిలుపు. ఓయి, ఓరి, ఓసి అనే సంబోధనలను మీరు విభక్తుల పాఠంలో చదివారు. వాడుకలో ఇవి ఏమండీ, ఏవోయ్, ఒరేయ్, ఏమే, ఇదిగో, ఇగో, అన్నా, అక్కా, పెద్దమ్మా ఇలా అనేకం. పిలుపు వినగానే ఎదుటివారి వయసు, లింగం, వరస, హోదా, వారి పట్ల మన చనువు అన్నీ బయటపడతాయి. విషయం ఇంకా మొదలే కాలేదు, సంబంధం మాత్రం తేలిపోయింది.

హైదరాబాదుకు ఉత్తరాన, మేడ్చల్ వెళ్ళే రహదారికి ఒక పక్కన కొంపల్లిని ఆనుకొని దూలపల్లి ఉంది. పాత తెలంగాణ పల్లె. దగ్గరలోనే జీడిమెట్ల పారిశ్రామికవాడ ఉండటంతో, నగరం పెరుగుతూ రావడంతో ఇతర జిల్లాలవారు, కోస్తా నుంచి వచ్చినవారు, ఇతర రాష్ట్రాలవారు ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఇటువంటి ఊళ్ళో బస్సు ఆగే చోట కాసేపు నిలబడితే ఒక పాఠానికి సరిపడా సామగ్రి దొరుకుతుంది. ఉదాహరణకు ఈ పలకరింపు చూడండి:

"ఏందే అన్నా, గిట్లొచ్చినవ్?"

తెలంగాణ పల్లె భాషలో ఇది ఆప్యాయత. అన్నను, మామను, తాతను, కన్నతండ్రిని కూడా "ఏందే", "రావే", "తినవే" అంటారు. ఆ ఏకారంలో చనువు ఉంది, పెద్దరికానికి లోటు లేదు. కోస్తా జిల్లాలలో అదే ఏకారం ఆడవారికి, అందులోనూ చిన్నవారికో బాగా చనువున్నవారికో పరిమితం. మగవాణ్ణి, అందులోనూ తనకంటే పెద్దవాణ్ణి "ఏందే" అంటే అక్కడివారి చెవికి వింతగానో మర్యాద తక్కువగానో తోస్తుంది. ఇటు తిరగేసి చూస్తే, మాట మాటకూ "అండి" చేర్చే మనిషి తెలంగాణ పల్లెలో దగ్గరితనం చూపని మనిషిలా కనిపించవచ్చు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. ఇద్దరికీ ఎదుటివాడి మర్యాద అందలేదు. పనిచోట, బడిలో, కార్యాలయంలో ఇలాంటి చిన్న ఏకారం వల్ల మనుషులకు పొగరుబోతులనో మోటువారనో పేర్లు పడుతుంటాయి. ఒక మాండలికపు కొలబద్దతో మరో మాండలికాన్ని కొలవరాదన్న సూత్రం మీకు తెలుసు. ఆ సూత్రం అన్నిటికంటే ఎక్కువగా అవసరమయ్యేది ధ్వనుల దగ్గర కాదు, ఈ తొలి మాటల దగ్గరే.

తెలంగాణలో తొలి మాటకు మరో చరిత్ర కూడా ఉంది. నిజాం కాలంలో దొర ముందు పేద రైతు నోరు తెరవాలంటే "నీ బాంచన్, కాల్మొక్త" అన్న తరువాతే తెరవాలి. బాంచన్ అంటే బానిస. తరువాత చెప్పేది భూమి తగాదా కావచ్చు, వెట్టి చాకిరీ గోడు కావచ్చు. ఏదైనా సరే, నేను నీ బానిసను అని ఒప్పుకున్నాకనే చెప్పుకోవాలి. వాఙ్ముఖంలోనే తీర్పు అయిపోయింది కదా, ఇక తరువాతి మాటలకు బలమెక్కడిది? 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటాన్ని తలచుకున్నప్పుడల్లా ఈ మాట ప్రస్తావనకు వచ్చేది అందుకే. భూమి, వెట్టి, పన్నులతో పాటు నోరు విప్పే తీరు కూడా మారవలసి వచ్చింది.

ఇప్పటి కాలానికి వస్తే, దూలపల్లిలోనే రాష్ట్ర అటవీ అకాడమీ ఉంది. అడవుల్లో పనిచేయబోయే సిబ్బంది అక్కడ శిక్షణ పొందుతారు. వారిలో ఒకరు రేపు ఏ అటవీ గ్రామంలోనో కట్టెల మోపుతో ఎదురైన ఆడమనిషిని ఆపవలసి వస్తుంది. "ఏయ్, ఆగు" అని పిలవవచ్చు. "అమ్మా, ఒక్క నిమిషం" అని పిలవవచ్చు. చట్టం రెండు చోట్లా ఒకటే, అడగవలసిన ప్రశ్న కూడా ఒకటే. ఆమె నిలబడి మాట్లాడుతుందా, మోపు పడేసి పరుగెత్తుతుందా అనేది మాత్రం చాలావరకు ఆ మొదటి మాట మీద ఆధారపడుతుంది.

అన్నట్టు, ఇంతకీ, అయితే

రెండో రకం వాఙ్ముఖాలు మనిషిని కాదు, విషయాన్ని తిప్పుతాయి. డెబొరా షిఫ్రిన్ 1987లో ఇంగ్లీషులోని ఇటువంటి పదకొండు మాటలను తీసుకొని ఒక గ్రంథం రాసింది. ఆ తరువాత ఇలాంటి మాటల అధ్యయనం భాషాశాస్త్రంలో స్థిరపడింది. వీటిని తెలుగులో సంభాషణా సూచకాలు అనవచ్చు. ఇవి వాక్యం మధ్యలోనూ వస్తాయి, కానీ మాట మొదట వచ్చినప్పుడే వీటి బలం బాగా తెలుస్తుంది. రెండు వాక్యాలు పోల్చండి.

"అన్నట్టు, మీ అమ్మాయికి సంబంధం కుదిరిందా?"

"ఇంతకీ, మీ అమ్మాయికి సంబంధం కుదిరిందా?"

రెండింటిలో ప్రశ్న ఒకటే. సమాధానమూ ఒకటే, అవును లేదా కాదు. కానీ మొదటి వాక్యం అన్నవారికి ఆ విషయం అప్పుడే గుర్తుకొచ్చింది. రెండో వాక్యం అన్నవారు చాలాసేపటి నుంచి దాని కోసమే కాచుకొని ఉన్నారు. అవతలివారు సంబంధం గురించి మొదలుపెట్టి పెళ్ళికొడుకు మేనమామ దగ్గర, ఆయన కట్టించిన ఇంటి దగ్గర ఆగిపోయి ఉంటారు. అన్నట్టు మనల్ని దారిలోంచి పక్కకు తీసుకుపోతుంది. ఇంతకీ పక్కకు పోయినవారిని దారిలోకి తెస్తుంది. పదాల పుట్టుక చూస్తే, "అన్న" + "అట్టు" అంటే ఎవరో అన్న విధంగా అని. కానీ ఎవరూ ఏమీ అనకపోయినా అన్నట్టు అనేస్తాం. "ఇంత"కు విభక్తి ప్రత్యయం చేరి, దాని చివర దీర్ఘం వచ్చి "ఇంతకీ" అయింది. ఇంత మాట్లాడినదానికి తేలినదేమిటి అన్న భావం దానిలో ఇంకా కొంత మిగిలి ఉంది.

"అయితే" మరింత చిక్కైనది. పత్రికా రచనలో వాక్యారంభంలోని అయితే "కానీ" అనే అర్థాన్ని ఇస్తుంది: "వర్షం కురిసింది. అయితే చెరువులు నిండలేదు." మాటల్లో వాక్యారంభంలోని అయితే ఎదుటివారి మాట నుంచి ఒక నిర్ణయానికి రావడాన్ని తెలుపుతుంది: "అయితే మీరు రారన్నమాట." మొదటిది ఎదురు తిరగడం, రెండోది వెంట నడవడం. రాతలో ఒకటి, నోటిలో దాదాపు దానికి వ్యతిరేకం. ప్రాథమిక పాఠశాలలో పిల్లల వ్యాసాలు దిద్దబోయే విద్యార్థులు దీన్ని గమనించాలి. మాట్లాడే అలవాటుతో "అయితే" రాసిన పిల్లవాడు తప్పు రాయలేదు, నోటి వ్యాకరణాన్ని కాగితం మీదికి తెచ్చాడు. తెలంగాణలో "మల్ల", "అవుగనీ", "ఇగ" ఇలాంటి పనులే చేస్తాయి. "మల్ల ఏం జేస్తవ్?" అన్నచోట "మళ్ళీ" అనే అర్థం లేదు; కోస్తావారు "మరి ఏం చేస్తావ్?" అంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: "ఇంతకీ నీ పేరేంటి?", "అన్నట్టు నీ పేరేంటి?", "నీ పేరేంటి?" ఈ మూడింటిలో ఏది ఇద్దరు మనుషుల మొదటి మాటగా కుదురుతుంది? ఏవి కుదరవు? ఎందుకు?

ఏం లేదు

అన్నింటికంటే తమాషా అయిన తెలుగు వాఙ్ముఖం "ఏం లేదు". అప్పు అడగడానికి వచ్చిన బంధువును గుర్తు తెచ్చుకోండి. కూర్చుంటాడు, మంచినీళ్ళు తాగుతాడు, పిల్లల చదువులు అడుగుతాడు, ఎండల గురించి చెబుతాడు. "ఏంటి విశేషాలు?" అంటే "ఊరికే వచ్చా" అంటాడు. చివరికి లేవబోతూ, "ఏం లేదు బావా, ఒక పదివేలు అవసరం పడ్డాయి" అంటాడు. "ఏం లేదు" అని వినగానే అసలు విషయం వస్తోందని తెలుగువారందరికీ తెలుసు. మాటల నిఘంటువు అర్థం ఏమీ లేదని, వాడుక అర్థం ఉన్నదంతా ఇదేనని.

ఇది కపటం కాదు. అడగబోయేది పెద్ద భారమని ఎదుటివారికి అనిపించకుండా ముందే బరువు తగ్గించి దించడం, కాదనడానికి వారికి చోటు వదలడం. కానీ ఇదే మర్యాద ఆసుపత్రిలో ప్రమాదం తెచ్చిపెడుతుంది. "ఏం లేదు డాక్టరుగారూ, కాస్త గుండెల్లో గాభరాగా ఉంది" అని రోగి అంటాడు. తెలుగు వాడుక తెలిసిన వైద్యురాలు "ఏం లేదు"ను పక్కన పెట్టి తరువాతి మాట పట్టుకుంటుంది. పక్కనున్న అనువాదకుడు మాటకు మాట అనువదించి "సమస్య ఏమీ లేదు, కొంచెం కంగారు" అని చెబితే కథ వేరు. వాఙ్ముఖాన్ని సమాచారంగా అనువదించరాదు. అనువాదం వృత్తిగా తీసుకోవాలనుకునే మీలో కొందరికి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఫోనులో తొలి మాట

ఫోనులో మనిషి కనిపించడు కాబట్టి వాఙ్ముఖం మీద మరింత భారం పడుతుంది. ఫోను ఎత్తగానే ఏమనాలన్న ప్రశ్న ఆ యంత్రం పుట్టినప్పుడే పుట్టింది. అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఓడల మీద వాడే "అహాయ్" అన్న పిలుపును కోరుకున్నాడు. థామస్ ఎడిసన్ 1877లో "హలో" అన్నాడు. ఎడిసన్ మాటే నిలిచింది. తెలుగులో హలో ఎదురుపడ్డ మనిషిని పలకరించడానికి అంతగా వాడుకలోకి రాలేదు. "హలో, హలో, వినబడుతోందా?" అని దారి తెరిచి ఉందో లేదో చూడటానికే ఎక్కువ వాడతాం. యాకబ్‌సన్ చెప్పిన పని సరిగ్గా ఇదే.

సంభాషణ విశ్లేషణ అనే శాఖను ప్రారంభించినవారిలో ఒకరైన ఇమాన్యుయేల్ షెగ్లాఫ్ 1968లో ఫోను సంభాషణల ఆరంభాలపై ఒక వ్యాసం ప్రచురించాడు. అమెరికాలో ఒక విపత్తు సమయంలో పోలీసులకు సంబంధించిన ఫోన్లలో రికార్డయిన సుమారు 500 సంభాషణలు అతని సామగ్రి. ఫోను ఎత్తినవారే ముందు మాట్లాడతారన్నది అతనికి కనిపించిన నియమం. ఒక్క సంభాషణలో మాత్రం అది తప్పింది. ఎత్తినవారు పలకలేదు, చేసినవారే హలో అన్నారు. దాన్ని మినహాయింపుగా తోసిపుచ్చకుండా షెగ్లాఫ్ తన సూత్రాన్నే తిరిగి ఆలోచించాడు. ఫోను గంట ఒక పిలుపు, ఎత్తి అనే మాట దానికి జవాబు. జవాబు రాకపోతే పిలిచినవారు మళ్ళీ పిలుస్తారు. తలుపు తట్టడం, "ఏమండీ" అనడం, గంట మోగడం మూడూ ఒకటే పని అని తేలింది. 500లో ఒక్కటి లెక్క తప్పితే దాన్ని వదిలేయకుండా సిద్ధాంతాన్ని సరిచేసుకోవడం పరిశోధన అంటే ఏమిటో చూపే మంచి ఉదాహరణ.

షెగ్లాఫ్ చూసినలాంటి ఫోన్లు మనకు దగ్గరలోనే వస్తున్నాయి. దూలపల్లి నుంచి మేడ్చల్ రహదారి దాటి అవతలికి వెళ్తే దేవరయాంజాల్. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అత్యవసర సేవను నడిపే సంస్థ ప్రధాన కేంద్రం అక్కడే ఉంది. 108కు ఫోను చేసే మనిషిని ఊహించుకోండి. ఇది ఈ పాఠం కోసం కల్పించిన ఉదాహరణ.

"హలో... హలో... నమస్కారం సార్. సార్, నేను మా ఊరి నుంచి మాట్లాడుతున్నా సార్. ఏం లేదు సార్, మా బావ పొలం నుంచి వచ్చిండు, వచ్చి జర అలసటగా ఉందని పండుకున్నడు..."

బావకు గుండెపోటు వచ్చింది. చేసిన మనిషి అబద్ధమాడలేదు, అసందర్భంగా మాట్లాడలేదు. పెద్దవారిని సాయం అడిగేటప్పుడు ఎలా మొదలుపెట్టాలో ఊరు నేర్పిన పద్ధతిలోనే మొదలుపెట్టాడు: దండం, పరిచయం, బరువు దించే మాట, మొదటి నుంచి కథ. ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర ఇది మర్యాద. ఇక్కడ ఒక్కో మాటా కొన్ని క్షణాల ఖరీదు చేస్తుంది. అవతలివారికి ముందుగా కావలసింది ఎక్కడ, ఎవరికి, ఏమైంది అనేవే. తెలుగు వాఙ్ముఖాల తీరు తెలిసిన మనిషి అవతల ఉంటే "ఏం లేదు" దగ్గర విసుక్కోడు, అసలు మాట దాని వెనుకే ఉందని గ్రహించి "ఏ ఊరు, ఎవరికి బాగాలేదు?" అని మెల్లగా అందుకుంటాడు. మీరు మీ ఇంట్లో పెద్దవారికి, పిల్లలకు ఈ ఒక్క ఫోను మాత్రం పలకరింపు లేకుండా ఊరి పేరుతో మొదలుపెట్టాలని నేర్పవచ్చు. అలవాటైన వాఙ్ముఖాన్ని మానడం అనుకున్నంత తేలిక కాదు కాబట్టి ఒకటి రెండు సార్లు పైకి అనిపించండి.

అభ్యాసం

మీ ఊళ్ళో కిరాణా దుకాణం, బస్సు ఆగే చోటు, మీ అధ్యయన కేంద్రం, ఈ మూడింటిలో ఒకచోట అరగంట గడిపి, సంభాషణలు ఏ మాటతో మొదలయ్యాయో రాసుకోండి. ఎవరి పేర్లూ రాయవద్దు. మాట్లాడినవారి వయసు సుమారుగా, ఆడా మగా, ఇద్దరి మధ్య వరస లేదా పరిచయం ఉంటే అది మాత్రం రాయండి. సేకరించినవాటిని పిలుపులు, పలకరింపులు, విషయాన్ని తిప్పేవి అని మూడుగా విడదీయండి. ఏ గుంపులోనూ ఇమడని మాట ఒకటైనా మిగులుతుంది. మీ నివేదికలో ఆ మాట గురించే ఎక్కువ రాయండి.